ఫైబర్ బాడీకి ఏ పుట్టీ వాడాలి? సొంతంగా కారు కట్టుకునేవాళ్లకు పూర్తి వివరాలు

నా కారు ముందు మడ్‌గార్డు మీద నుంచి ఊడిన పుట్టీ పెచ్చును షెడ్డులో మేకుకు వేలాడదీసి ఉంచాను. అరచేయంత ఉంటుంది. అంచు దగ్గర 9 మిల్లీమీటర్ల మందం. పై వైపు ప్రైమరు, దాని మీద ఎర్రరంగు. వెనక్కి తిప్పి చూస్తే అద్దంలా నునుపు. అసలు సంగతి ఆ నునుపులోనే ఉంది. కింద ఉన్న జెల్‌కోట్, అంటే ఫైబర్ పైన ఉండే నునుపైన రెజిన్ పొర, దాని మెరుపు పుట్టీ మీద అచ్చుగుద్దినట్టు దిగింది. అంటే ఆ పుట్టీ ఫైబర్‌ను ఎక్కడా పట్టుకోనే లేదు. ఏప్రిల్‌లో పెట్టాను. వానలు మొదలై నెల తిరగకముందే బీట తీసి ఊడిపోయింది.

మాది బరంపురం. ఇక్కడి నుంచి గోపాల్‌పూర్ తీరం ఎంతో దూరం లేదు. అక్కడ మన తెలుగు మత్స్యకారులు ఫైబర్ పడవల మీదే వేటకు వెళతారు, వాటి మరమ్మతులు ఒడ్డున ఇసుకలోనే జరుగుతాయి. ఆ పెచ్చు పట్టుకెళ్లి, పడవలకు ఫైబర్ పని చేసే ఒక పెద్దాయనకు చూపించాను. గోరుతో గీకి చూశారు. "ఏటి బాబూ ఇది, సబ్బుబిళ్లలాగుంది. దీంట్లో గాజేదీ?" అన్నారు. "గాజెందుకు మావయ్యా, పుట్టీయే కదా?" అన్నాను. "మరి ఇంత మందం ఎందుకు పెట్టినావు? మందం కావాలంటే మ్యాట్ ఎయ్యాలి. పుట్టీ గోరుమందం చాలు."

ఇక్కడ రాసేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. బాడీ ఆకారాన్ని గాజుతో, అంటే రెజిన్ అనే గట్టిపడే జిగురు ద్రవంలో తడిపి పరిచే గాజుపోగుల మ్యాట్‌తో మార్చాలి, చివరి రెండు మూడు మిల్లీమీటర్లే పుట్టీకి వదలాలి. దుకాణానికి వెళ్లి "మంచి పుట్టీ ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. అది రేకుకు మంచిదే కావచ్చు. మీ ఫైబర్‌కు, మీరు పెట్టబోయే మందానికి పనికొస్తుందో లేదో మీరే తేల్చుకోవాలి.

ముందుగా: కింద ఏముంది?

మన దగ్గర తయారయ్యే ఫైబర్ బాడీల్లో ఎక్కువ భాగం పాలియెస్టర్ రెజిన్‌తో చేసినవే. ధర తక్కువ, పడవల వాళ్లకీ నీళ్ల ట్యాంకుల వాళ్లకీ అలవాటైన సరుకు. ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్‌తో చేసినవి తక్కువ. మీరే లేఅప్ వేసుకుని ఉంటే, అంటే మ్యాట్‌ను రెజిన్‌తో తడిపి పొరలుగా పరిచి ఉంటే, ఏది వాడారో మీకు తెలుసు. పాత బాడీ కొని తెచ్చుకుంటే మాత్రం లోపలి వైపు ఒక మూల 80 నంబరు గరుకు పేపరుతో గట్టిగా రుద్ది వాసన చూడండి. పాలియెస్టర్ అయితే స్టైరీన్ ఘాటు వాసన వస్తుంది, కొత్త ప్లాస్టిక్ కుర్చీల గోదాములోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఇంతకుముందు ఎవరో పెట్టిన పుట్టీకీ అదే వాసన ఉంటుంది కాబట్టి, ఉత్త ఫైబర్ కనిపించే చోటే చూడాలి.

ఇది ఎందుకు తెలియాలంటే, గట్టిపడిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్‌కు అంత పట్టు దొరకదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పైకి తేలే మైనం లాంటి పొర అడ్డుపడుతుంది, మిగిలిపోయిన హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) వల్ల పైన పెట్టిన పాలియెస్టర్ సరిగా ఎండకపోవచ్చు కూడా. కాబట్టి పాలియెస్టర్ బాడీ మీద రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఎపాక్సీ బాడీ అయితే మొదటి నుంచి ప్రైమరు దాకా ఎపాక్సీతోనే వెళ్లండి.

రెండోది: ఆ చోటు ఊగుతోందా?

బొటనవేలితో నొక్కండి. బానెట్ మధ్యభాగం, తలుపు వెడల్పు భాగం, మడ్‌గార్డు అంచు, ఇవి కొంచెం లోపలికి పోయి తిరిగి వస్తే అక్కడ ఏ పుట్టీ పెట్టినా బీట తీస్తుంది. ఫైబర్ వంగి లేవగలదు, టాల్క్ నిండిన పుట్టీ వంగలేదు. ముందు వెనక నుంచి బలం ఇవ్వాలి. పాలియురేతేన్ ఫోమును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి వెనక అతికించి, పైన రెండు పొరల మ్యాట్ వేస్తే పక్కటెముకలా పనిచేస్తుంది. థర్మోకోల్ మాత్రం పెట్టకండి. పాలియెస్టర్ రెజిన్ తగలగానే అది కరిగి గుంట పడుతుంది. థర్మోకోల్ మీద ఎపాక్సీ అయితే ఫరవాలేదు.

సాలెగూడులాంటి సన్న పగుళ్లు కనిపిస్తే కూడా ఇదే కథ. వెనక నుంచి దెబ్బ తగిలో, ఊగడం వల్లో జెల్‌కోట్ పగిలి ఉంటుంది. వాటి మీద పుట్టీ పూస్తే నాలుగు నెలల్లో అవే గీతలు రంగు మీదకు తేలతాయి. ప్రతి పగులునూ వీ ఆకారంలో గాజు కనిపించేదాకా గీకి తెరవాలి, వెనక మ్యాట్ వేయాలి, ఆ తర్వాతే నింపాలి.

మూడోది: ఎంత మందం?

కంటి చూపుతో తేల్చకండి. మీకు కావలసిన వంపును అట్ట మీద గీసి కత్తిరించండి. దాన్ని బాడీ మీద నిలబెట్టి, కింద కనిపించే సందును స్కేలుతో కొలవండి. ప్రతి నాలుగు వేళ్ల దూరానికి ఒక కొలత తీసి, మార్కర్‌తో ఆ అంకెను బాడీ మీదే రాసేయండి. నేను రెండోసారి ఇలాగే చేశాను. మడ్‌గార్డు నిండా 2, 4, 7, 11 అని అంకెలు పడ్డాయి. ఆ అంకెలే ఎక్కడ ఏది వాడాలో చెప్పేశాయి.

3 మిల్లీమీటర్ల లోపు ఉన్నచోట మామూలు పాలియెస్టర్ పుట్టీ చాలు. 3 నుంచి 6 దాకా ఉంటే గాజుపోగులున్న పుట్టీ, లేదా రెజిన్‌తో మనమే కలుపుకున్న ముద్ద. 6 దాటితే మ్యాటే. చదరపు మీటరుకు 450 గ్రాములుండే చాప్డ్ మ్యాట్ ఒక పొర ఎండాక సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. అంటే 11 రాసిన చోట, చివరి మూడు పుట్టీకి వదిలితే, ఎనిమిది పొరలు పడాలి. ఒకేసారి కాదు, మూడు పొరలు వేసి వేడి తగ్గనిచ్చి మళ్లీ మూడు. మరీ ఎక్కువ మందం కావాలంటే ఫోము అతికించి, ఆకారానికి చెక్కి, మీద మ్యాట్ వేయడం తేలిక, బరువూ తక్కువ. ఎపాక్సీ వాడేవాళ్లు చాప్డ్ మ్యాట్ బదులు నేసిన గాజుగుడ్డ తీసుకోవాలి. ఆ మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు.

ఫైబర్ బాడీ అంటే నాసిరకం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో 1953లో వచ్చిన మొదటి కార్వెట్‌లు 300, అన్నీ ఫైబర్ బాడీలే. మన బెంగళూరులో 1980లలో తయారైన సిపానీ డాల్ఫిన్‌దీ ఫైబర్ బాడీయే. వాటి ఆకారం మోల్డ్‌లోంచి వచ్చింది. మనకు మోల్డ్ చేయించుకునే స్తోమత లేక ఉన్న బాడీ మీదే ఆకారం మారుస్తాం కాబట్టి ఈ కొలతల పని తప్పదు.

ఇప్పుడు డబ్బాల సంగతి

మామూలు బాడీ పుట్టీ అంటే పాలియెస్టర్ రెజిన్‌లో టాల్క్ పొడి దట్టించినది. పక్కన చిన్న ట్యూబులో హార్డెనర్ వస్తుంది, అది బెంజాయిల్ పెరాక్సైడ్ పేస్టు. రుద్దడానికి సులువు, అరగంటలో పని ముందుకు పోతుంది. లోపం ఏమిటంటే టాల్క్ తేమను పీల్చుకుంటుంది. రంగు పడేలోపు నీళ్లు తగిలితే ఆ తేమ లోపలే ఉండిపోయి, ఎండ తగలగానే రంగును బొబ్బలా లేపుతుంది. మా ప్రాంతంలో పెయింటర్లు పుట్టీని కూడా నీళ్లు చల్లి వాటర్ పేపరుతో రుద్దుతారు. దుమ్ము లేవదు, చేతికి హాయి. ఫైబర్ కారు మీద మాత్రం ఆ పని చేయనివ్వకండి, కాస్త మొహమాటం వచ్చినా సరే ఒప్పుకోకండి. పుట్టీ దశలో పొడి రుద్దుడే. నీళ్లు ప్రైమరు పూర్తిగా కప్పేశాకే.

గాజుపోగుల పుట్టీలో సన్నగా తరిగిన గాజు కలిపి ఉంటుంది. డబ్బా తెరిస్తే వెంట్రుకలు కలిసిన ముద్దలా కనిపిస్తుంది. బలం ఎక్కువ, తేమ తక్కువ పీలుస్తుంది. రెండు ముక్కలు కలిసే చోట, మోల్డ్ అంచు తెగిన చోట, చిన్న రంధ్రం మూసే చోట దీన్ని మించింది లేదు. రుద్దడం మాత్రం చేతులు పడిపోయే పని. పైన సూదిగుంటలు కూడా మిగులుతాయి. అందుకే దీన్ని కావలసిన ఎత్తుకు ఒక మిల్లీమీటరు తక్కువగా ఆపి, మీద మామూలు పుట్టీ పలుచగా లాగాలి.

పడవల వాళ్లు డబ్బా పుట్టీ కొనరు. లేఅప్‌కు వాడిన రెజిన్‌లోనే టాల్క్, తరిగిన గాజు, జారకుండా ఫ్యూమ్డ్ సిలికా అనే మెత్తటి తేలికపాటి పొడి కలిపి ముద్ద చేసుకుంటారు. నాకు బాగా నచ్చింది ఇదే. కింద ఉన్న రెజినే పైనా ఉంటుంది కాబట్టి ఎండకు రెండూ దాదాపు ఒకేలా సాగుతాయి. ఖర్చూ తక్కువ. కొలత కుదరాలి, అంతే.

ఎపాక్సీ ముద్ద ఖరీదైనది, నెమ్మదిగా ఎండుతుంది, కానీ పట్టులో దీనికి సాటి లేదు. ఎపాక్సీ రెజిన్, హార్డెనర్ ముందు కలిపేసి, అందులో మైక్రోబెలూన్లు అనే గాజు బుడగల పొడి, కొంచెం సిలికా వేయాలి. ఆ బుడగలు కంటికి తెల్లటి పిండిలా కనిపిస్తాయి, సంచి పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. చిక్కదనం గారెల పిండిలా రావాలి: గరిటెతో ఎత్తి బోర్లిస్తే జారి పడకూడదు. బానెట్ లాంటి వెడల్పు చోట్ల, బరువు పెరగకూడదనుకున్న చోట్ల ఇదే సరైనది. గట్టిపడ్డాక పైన జిడ్డుగా తగిలితే ముందు నీళ్లూ పీచూ పెట్టి కడిగి, ఆరబెట్టి, అప్పుడు రుద్దండి. ఇది టాల్క్ పుట్టీలా నీళ్లు పీల్చదు కాబట్టి కడిగినా ఇబ్బంది లేదు.

ఇక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ. కలపాల్సిన పని లేదు, ట్యూబు నొక్కి పూయడమే కాబట్టి అందరికీ అలవాటు. అందులో థిన్నరు ఆవిరైతేనే అది గట్టిపడుతుంది, రోజుల తరబడి కుంగుతూనే ఉంటుంది. ప్రైమరు మీద కనిపించే గీతలకు, సూదిగుంటలకు తప్ప దేనికీ వాడొద్దు. గోడలకు పెట్టే లప్పం, నీటి పైపులకు అతికించే ఎపాక్సీ ముద్ద ఇంట్లో మిగిలి ఉన్నాయని బాడీ మీద పెట్టకండి. మొదటిది తడికి వదిలేస్తుంది, రెండోది చుట్టూ ఉన్న ఫైబర్ కంటే గట్టిపడి రుద్దేటప్పుడు దిమ్మలా నిలబడిపోతుంది.

పట్టు కోసం ఉపరితలం

నా పెచ్చు ఊడింది ఇక్కడి తప్పు వల్లే. మోల్డ్‌లోంచి వచ్చిన బాడీ మీద, మోల్డ్‌కు అంటుకోకుండా పూసిన మైనం, పీవీఏ అనే పలుచటి పొర ఉంటాయి. పీవీఏ మామూలు నీళ్లకు పోతుంది. మైనం పోవాలంటే గ్రీజు తుడిచే ద్రావకంతో రెండుసార్లు తుడవాలి, ప్రతిసారీ కొత్త గుడ్డతో. ఇది రుద్దకముందే చేయాలి. ముందు రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు.

ఆ తర్వాత 80 నంబరు పేపరు. మెరుపు ఎక్కడా మిగలకూడదు. పుట్టీ పెట్టబోయే చోటికి చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువే రుద్దండి. మందంగా నింపే చోట జెల్‌కోట్ పూర్తిగా తీసేసి గాజు దాకా వెళ్లండి. దుమ్ము తుడిచి, అసిటోన్‌తో ఒకసారి తుడిచి, పది నిమిషాలు ఆగండి. చేత్తో ముట్టుకోవద్దు. డ్యాష్‌బోర్డు పాలిష్‌లాంటి సిలికాన్ సరుకులు ఆ షెడ్డులోకే రానివ్వకండి. రంగు వేశాక చేపకళ్లలాంటి గుంటలు పడేది వాటివల్లే.

కొత్తగా వేసిన మ్యాట్ అయితే తొందరపడొద్దు. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడుతూ ఘనపరిమాణంలో సుమారు 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. అందులో చాలా భాగం మొదటి రోజే అయినా, మిగతాది తర్వాత మెల్లగా సాగుతుంది. నేను వారం రోజులు ఎండలో పెడతాను. ఆ వారంలో గాజు అల్లిక పైకి తేలాల్సింది తేలిపోతుంది. అప్పుడు పుట్టీ పెడితే రంగు కింద నుంచి మ్యాట్ గీతలు కనిపించవు.

కలపడం

నగల దుకాణాల వాళ్లు వాడే లాంటి చిన్న డిజిటల్ త్రాసు కొనండి. కంటి అంచనాతో హార్డెనర్ కలపడం వల్ల చెడిన పని ఎంతో చూశాను. మామూలు పుట్టీకి 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్ సాధారణ కొలత, డబ్బా మీద వేరేగా ఉంటే డబ్బా మాటే వినండి. త్వరగా ఎండుతుందని ఎక్కువ వేస్తే ఆ పెరాక్సైడ్ మిగిలిపోయి రంగులోకి మరకలా పాకుతుంది. తక్కువ వేస్తే లోపల ఎప్పటికీ జిగురుగానే ఉంటుంది. గాజు పలక మీదో, నునుపు ప్లాస్టిక్ పలక మీదో వేసి, గిలకొట్టకుండా నొక్కి నొక్కి కలపండి. గిలకొడితే గాలి బుడగలు చేరి సూదిగుంటలవుతాయి. రంగు చారలు లేకుండా ఒకే రంగుకు రావాలి.

రెజిన్ ముద్దకు హార్డెనర్ వేరు. రెజిన్‌కు ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్) ద్రవం, బరువులో 1 నుంచి 2 శాతం. అది పనిచేయాలంటే రెజిన్‌లో కోబాల్ట్ అనే, గట్టిపడడాన్ని వేగం చేసే ద్రవం ఉండాలి. పుట్టీ ట్యూబులోని హార్డెనర్ రెజిన్‌లోనో, ఎంఈకేపీ పుట్టీలోనో వేస్తే పని కాదు. పొడులన్నీ ముందు కలిపేసి, ఎంఈకేపీ చివర్లో వేయండి.

ఒక మాట ప్రాణాలకు సంబంధించింది. కోబాల్ట్‌నూ ఎంఈకేపీనీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపొద్దు. మంటో పేలుడో జరుగుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ పూర్తిగా కలిశాకే రెండోది. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ దొరికితే అదే కొనండి. రెండు సీసాలూ ఒకే అలమరలో పెట్టకండి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లే ఏర్పాటు చూడండి.

వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం బరంపురంలో కలిపిన పుట్టీ పలక మీదే గట్టిపడిపోతుంది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదిలోపు ముగించండి, చిన్న చిన్న ముద్దలుగా కలపండి. పెద్ద డబ్బాలో ఒకేసారి రెజిన్ కలిపితే దాని వేడికే పొగలు వస్తాయి. కోరాపుట్, జయపురం వైపు డిసెంబరు చలిలో ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. 15 డిగ్రీల కింద పాలియెస్టర్ సరిగా గట్టిపడదు, ఎండ వచ్చి బాడీ వెచ్చబడ్డాకే పని మొదలుపెట్టాలి. వాన పడుతున్న రోజు పుట్టీ డబ్బా మూత కూడా తీయకండి.

పెట్టడం, రుద్దడం

మొదటి పూత పలుచగా, పలకను గట్టిగా నొక్కి గీతల్లోకి దిగేలా లాగండి. పట్టంతా ఆ పూతదే. అది తడిగా ఉండగానే పైన మందం ఇవ్వండి, ఒక దఫాకు 3 మిల్లీమీటర్లు దాటకుండా. పలక మీద ముద్ద ఉండకట్టడం మొదలైతే పారేయండి, దాన్ని బతిమాలి పూసినా అంటుకోదు.

రుద్దడానికి చెయ్యి ఒక్కటే వాడితే గుంటలు పడతాయి. పుట్టీ మెత్తన, పక్కన జెల్‌కోట్ గట్టి. వేళ్లు మెత్తటి చోటే దిగబడతాయి. అడుగున్నర పొడవు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కకు పేపరు అంటించుకోండి, అది ఉబ్బెత్తు వంపు వెంట కొంచెం వంగుతుంది. లోపలి వంపులకు పీవీసీ పైపు ముక్క. ఎప్పుడూ ఐమూలగా, ఒకసారి ఇటు, ఒకసారి అటు. 80తో ఆకారం, 120తో గీతలు తగ్గించడం, 180, 240తో ముగింపు. గాజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, గుడ్డ కట్టుకుంటే ఆగదు. దుమ్ముకు ఎన్95 లాంటి మాస్కు, రెజిన్ కలిపేటప్పుడు ఆవిరి ఆపే కార్బన్ ఫిల్టరు ఉన్న మాస్కు, రెండూ కావాలి.

సరిగా వచ్చిందో లేదో కంటికంటే అరచేతికి ముందు తెలుస్తుంది. పలుచటి నూలుగుడ్డ మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిదానంగా జరపండి. తర్వాత చవక నల్ల స్ప్రే పలుచగా చల్లి, పొడవు పలకతో నాలుగుసార్లు రుద్దండి. నలుపు మిగిలిన చోటు గుంట, వెంటనే పోయిన చోటు దిబ్బ. రాత్రిపూట ట్యూబ్‌లైటును బాడీకి ఆనినంత దగ్గర అడ్డంగా పట్టి, దాని ప్రతిబింబం ఎక్కడ వంకర పోతుందో చూడండి. తడి గుడ్డతో తుడిచి మెరుపు చూడాలనిపిస్తుంది. ప్రైమరు పడేదాకా ఆ కోరిక ఆపుకోండి.

కారు రోడ్డెక్కించాలనుకుంటే మాత్రం, ఈ పనంతా మొదలుపెట్టకముందే 1988 మోటారు వాహనాల చట్టంలో వాహనానికి చేసే మార్పుల గురించిన 52వ సెక్షన్ చదివి, ఆర్టీవో ఆఫీసులో అడగండి. బాడీ అంతా కట్టేశాక అడిగితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

పుట్టీ అయ్యాక ఎపాక్సీ ప్రైమరు వేయండి, అది తేమను లోపలికి పోనివ్వదు. దాని మీద సర్ఫేసర్ (సన్న గీతల్ని నింపే మందపాటి ప్రైమరు), దాన్ని 400 నంబరుతో రుద్దడం, ఇప్పుడు నీళ్లు వాడుకోవచ్చు. అక్కడితో ఆగి, బాడీని కనీసం వారం ఎండలో నిలిపి మళ్లీ ట్యూబ్‌లైటు పట్టి చూడండి. నా మడ్‌గార్డు మీద ఆ వారంలో 7 అని రాసిన చోట వెంట్రుకవాసి గీత ఒకటి తేలింది. దాన్ని గాజు దాకా తవ్వి, ఒక మ్యాట్ ముక్క వేసి, మళ్లీ నింపి, ఆ తర్వాతే ఎర్రరంగు డబ్బా మూత తీశాను.